ముల్లు చూపేది వేరు, ట్యాంకులో ఉండేది వేరు

మా పడవ నడిపేది ఎక్కువగా మావారే. పెట్రోలు లెక్క మాత్రం నాది. స్టీరింగు పక్కనున్న చిన్న అరలో ఒక నోటు పుస్తకం పెట్టుకుంటాను. ఏ తేదీన ఎన్ని గ్యాలన్లు పోయించాం, అప్పటికి ఇంజను ఎన్ని గంటలు తిరిగింది, పోయించే ముందు పెట్రోలు మీటరు ముల్లు ఎక్కడ ఉంది, అన్నీ అందులో రాస్తాను. నేను అకౌంటెంటును కాబట్టి ఇదంతా వృత్తి వల్ల వచ్చిన అలవాటని మా స్నేహితులు అనుకుంటారు. నిజానికి పడవలో పెట్రోలు ఎంత ఉందో తెలుసుకోవడానికి ఆ పుస్తకం కన్నా నమ్మదగిన దారి నాకింతవరకు దొరకలేదు.

మేము ఉండేది అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో. అట్లాంటాకు ఉత్తరాన, లేక్ లేనియర్‌ను ఆనుకుని ఉన్న ఊరు. కమ్మింగ్, జాన్స్ క్రీక్, ఆల్ఫరెటా, సువానీ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడ్డాయి. వేసవి వచ్చిందంటే నాలుగు కుటుంబాలు కలిసి పాంటూన్ పడవ (తేలే గొట్టాల మీద చదునైన బల్ల పరిచిన పడవ) అద్దెకు తీసుకుని, పులిహోర డబ్బాలతో సరస్సు మీద ఒక పూట గడిపి రావడం ఇక్కడ మామూలే. ఇప్పుడు సొంతంగా పడవ కొనుక్కునేవాళ్లూ కనిపిస్తున్నారు. కొన్నాక వాళ్లు నన్ను మొదట అడిగేది ఇదే: "ట్యాంకు నిండినట్టు ఎలా తెలుస్తుందండీ?" కారు నడిపేవాళ్లకు ఈ అనుమానం ఎన్నడూ రాదు. ఫోనులో రెండు మాటల్లో చెప్పగలిగిన సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కారులో పోసేటప్పుడు పంపు గొట్టం చివర చేత్తో పట్టుకునే నాజిల్ తనంతట తానే ఆగిపోతుంది. నాజిల్ కొసన చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు పారుతున్నంతసేపు ఆ రంధ్రం గుండా గాలి లోపలికి లాక్కుంటూ ఉంటుంది. ట్యాంకు నిండి, పెట్రోలు పైకి వచ్చి ఆ రంధ్రాన్ని మూయగానే లోపలి ఒత్తిడి మారి మీట టక్కున పడిపోతుంది. కారు ట్యాంకును, దాని గొట్టాన్ని ఈ నాజిల్‌ను దృష్టిలో పెట్టుకునే తయారు చేస్తారు. పడవలో ఆ పొందిక ఉండదు. మూత పడవ అంచు మీద ఉంటుంది, ట్యాంకు నేల పలకల కింద ఉంటుంది. రెండింటి మధ్య ఒకటిన్నర అంగుళాల గొట్టం వంపులు తిరుగుతూ వెళుతుంది. పెట్రోలు లోపలికి వెళుతుంటే ట్యాంకులోని గాలి బయటకు రావాలి. దానికి వేరే సన్నని గొట్టం ఉంటుంది. దాని కొస పడవ పక్క గోడలో, నీటికి కాస్త పైన, చిన్న రంధ్రంగా కనిపిస్తుంది. చాలా పడవల్లో ఆ గాలి రంధ్రం మూత కంటే కిందుగా ఉంటుంది. అందుకని ట్యాంకు నిండాక పెట్రోలు నాజిల్ దాకా రాకముందే గాలి రంధ్రం నుంచి సరస్సులోకి కారిపోతుంది. ఇంకొన్నిసార్లు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, గొట్టం వంపులో గాలి చిక్కుకుని, నురుగు వెనక్కి తన్ని, ట్యాంకు సగం నిండకముందే నాజిల్ ఆగిపోతుంది. నిండిందనుకుని మూత పెట్టేసి వెళ్లిపోయినవాళ్లను నేను చూశాను.

పెట్రోలు ఆవిరుల మీద అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నిబంధనలు పెట్టాక తయారైన పడవల్లో పరిస్థితి కొంత మెరుగే. ట్యాంకు పైభాగంలో కాస్త ఖాళీ మిగిలేలా, చిన్న పడవల గాలి గొట్టంలో ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బా ఉండేలా అమరుస్తున్నారు. అయినా నేను నాజిల్ మీద నుంచి చేయి తీయను, దృష్టి మళ్లించను.

ఇక మీటరు సంగతి. మాది 21 అడుగుల పడవ, ముందు భాగంలో కూడా కూర్చునే వీలున్నది. 4.5 లీటర్ల వీ6 ఇంజను, 200 హార్స్ పవర్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. పెట్రోలు ట్యాంకు మీద దాని సామర్థ్యం గ్యాలన్లలో ఉండే చీటీ అతికించాలని ఇక్కడ కోస్ట్ గార్డ్ నిబంధన ఉంది. పాత పడవ కొన్నవాళ్లు ముందు చేయవలసిన పని, నేల పలక ఎత్తి ఆ చీటీ చదవడం. అమ్మినవాళ్లు 40 గ్యాలన్లన్నారు, చీటీలో 38 ఉంది. అంటే దాదాపు 144 లీటర్లు. ఇక నుంచి నా లెక్కలన్నీ ఈ 38 మీదే.

ట్యాంకు లోపల ఒక లోహపు చేయి ఉంటుంది, దాని కొసన తేలే బెండు ఉంటుంది. బెండు పైకీ కిందికీ కదిలితే ట్యాంకు మీద బిగించిన సెండర్‌లో విద్యుత్ నిరోధం మారుతుంది. అమెరికా పడవల్లో వాడే సెండర్లలో ట్యాంకు ఖాళీగా ఉంటే 240 ఓములు, నిండుగా ఉంటే 33 ఓములు. మీటరు కొలిచేది అంతే. ట్యాంకులో ఒకే ఒక్క చోట పెట్రోలు ఎంత ఎత్తున ఉందో దానికి తెలుసు, ఎన్ని గ్యాలన్లు ఉన్నాయో తెలియదు. పడవ అడుగు వీ ఆకారంలో ఉంటుంది కాబట్టి ట్యాంకు కూడా అడుగున ఇరుకుగా ఉండి, పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. ఎత్తులో సగం ఉన్నప్పుడు పెట్రోలు సగం కన్నా తక్కువే ఉంటుంది.

ఎంత తక్కువ? ఇది ఎవరి పడవకు వాళ్లు కొలుచుకోవలసిందే. మాకు ఆ అవకాశం కొన్న కొత్తలోనే వచ్చింది. ట్యాంకులో ఉన్నది చాలాకాలం నిలవున్న పెట్రోలని మెకానిక్ మొత్తం తోడించేశాడు. ఖాళీ ట్యాంకు మళ్లీ ఎప్పుడు చేతికొస్తుందో తెలియదు కాబట్టి ఆ రోజే కొలిచేద్దామన్నాను. అప్పుడు మా మామగారు రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. కట్టడాల పనుల్లో జీవితమంతా గడిపిన మనిషి. ట్రైలర్ మీద ఉన్న పడవను చూడగానే, "అమ్మాయ్, ఇది ముందుకు వాలి ఉంది. ఇలా కొలిస్తే లెక్క తప్పుతుంది. నీళ్ల మీద ఎలా నిలుస్తుందో అలా నిలబెట్టాలి" అన్నారు. పడవ పక్కన నీరు పట్టిన చార ఒకటి ఉంటుంది, సరస్సులో తేలేటప్పుడు నీటిమట్టం ఉండే గీత అది. ఆయన గ్యారేజీలో వెతికి రసమట్టం తెచ్చి ఆ చార మీద ఆనించారు. మావారు ట్రైలర్ ముందున్న జాకీని తిప్పుతుంటే బుడగ మధ్యకు వచ్చేదాకా "ఇంకాస్త, ఇంకాస్త" అంటూనే ఉన్నారు. తర్వాత రెండో పక్కకు వెళ్లి అక్కడా చూశారు.

బంకులో నేల మీద పెట్టి నింపించి తెచ్చిన అయిదు గ్యాలన్ల డబ్బాలతో ఒక్కొక్కటిగా పోశాం. పోసిన ప్రతిసారీ అన్ని మూతలూ తెరిచి, కాసేపు ఆగి, వాసన లేదని తేల్చుకున్నాకే తాళం తిప్పి ముల్లు చూశాను. అయిదు గ్యాలన్లకు ముల్లు ఖాళీ గీతకూ పావు గీతకూ నడుమకు వచ్చింది. పదికి పావు గీత కొద్దిగా దాటింది. పదిహేనుకు సగం గీతకు కాస్త కింద ఆగింది. ఇరవైకి సగం దాటింది. ఇరవై అయిదు పోస్తే ముప్పావు గీత. అంటే ముల్లు ముప్పావు చూపుతున్నప్పుడు ఉన్నది 25, లెక్క ప్రకారం ఉండాల్సింది 28 పైన. ముప్పై అయిదుకు నిండు గీత మీదకు చేరి అక్కడే నిలిచిపోయింది. అక్కడ ఆపాం. మీటరు పక్కన చిన్న చీటీ మీద ఈ అంకెలన్నీ రాసి, తడవకుండా పైన టేపు అతికించాను. ఇప్పటికీ అదే చీటీ.

దీనివల్ల తెలిసిన అసలు సంగతి మరొకటి ఉంది. నిండు ట్యాంకు నుంచి ముల్లు సగానికి రావడానికి 20 గ్యాలన్ల దాకా ఖర్చవుతుంది. సగం నుంచి ఖాళీ గీత చేరడానికి 14 కూడా అక్కర్లేదు. పొద్దున ముల్లు నెమ్మదిగా కదలడం చూసి పెట్రోలు చాలా ఉందని ధైర్యపడతాం, మధ్యాహ్నానికి అదే ముల్లు పరుగందుకుంటుంది. పడవల్లో పెట్రోలు అయిపోయి చిక్కుకునేవాళ్లలో చాలామంది ఇక్కడే మోసపోతారని నా అభిప్రాయం.

పైగా ఈ కొలతంతా పడవ కదలకుండా ఉన్నప్పటిది. నలుగురు పెద్దవాళ్లు వెనుక సీట్లో కూర్చుంటే ముల్లు ఒక చోట, వాళ్లే ముందుకు వచ్చి కూర్చుంటే మరో చోట ఉంటుంది. థ్రాటిల్ (ఇంజను వేగం పెంచే, తగ్గించే మీట) తోయగానే పడవ ముక్కు పైకి లేస్తుంది, పెట్రోలంతా వెనక్కి జారుతుంది. మా ట్యాంకులో సెండర్ కొంచెం ముందుకు ఉంది కాబట్టి అప్పుడు ముల్లు ఒక్కసారిగా కిందికి దిగుతుంది. వేగం అందుకుని పడవ సమంగా పరిగెత్తడం మొదలుపెట్టాక మళ్లీ కొంత కోలుకుంటుంది. ఇంజనుకు పెట్రోలు పీల్చే గొట్టం మాత్రం ట్యాంకు వెనుక కొసన ఉంటుంది. పెట్రోలు బాగా తగ్గిన సమయంలో వేగంగా వస్తూ ఒక్కసారిగా థ్రాటిల్ తగ్గిస్తే మిగిలిన పెట్రోలు ముందుకు ఒరిగి, ఆ గొట్టం గాలి పీలుస్తుంది, ఇంజను ఆగిపోతుంది. అది జరిగేది సరిగ్గా డాక్‌కు, అంటే పడవ కట్టేసే గట్టుకు, చేరుతూ వేగం తగ్గించే సమయంలో. పడవ మీద అదుపు అన్నిటికన్నా ఎక్కువ అవసరమయ్యే చోటు అదే. ఆ గొట్టం ట్యాంకు అడుగును తాకదు కాబట్టి చివరి గ్యాలనో రెండో ఎప్పటికీ ఇంజనుకు అందవు. వాటిని నేను లెక్కలోంచి తీసేశాను.

మా నాన్నగారి బజాజ్ చేతక్‌కు పెట్రోలు మీటరే ఉండేది కాదు. బండి ఆగిపోబోతుంటే కాళ్ల దగ్గరున్న మీటను రిజర్వుకు తిప్పి బంకు దాకా వెళ్లిపోయేవారు. మా పడవకు మీటరు ఉంది కానీ రిజర్వు లేదు. ఆ రిజర్వును మన బుద్ధితో మనమే కల్పించుకోవాలి. పడవలవాళ్లు పాటించే మూడో వంతు నియమం అందుకే: ఒక వంతు వెళ్లడానికి, ఒక వంతు తిరిగి రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా ఉంచడానికి.

మొన్న వేసవిలో మా మరిది కుటుంబం డల్లాస్ నుంచి వచ్చింది. బ్రౌన్స్ బ్రిడ్జి దగ్గర ఈతలు అయ్యాక అతను మీటరు వైపు చూసి, "వదినా, ఇంకా సగం ఉంది కదా, బ్యూఫోర్డ్ డ్యామ్ దాకా వెళ్లి చూసి వద్దామా?" అన్నాడు. "సగం అంటే పదహారు గ్యాలన్లు బాబూ. అందులో మూడో వంతు, అంటే అయిదు, ముట్టుకోకూడదు, పదకొండే మనవి. ఇక్కడి నుంచి ఇంటి ర్యాంపుకు ఎంత అవుతుందో ముందు అది తీసేయి" అని పుస్తకం చేతికిచ్చాను. మామూలు వేగంలో, గంటకు 25 మైళ్ల దగ్గర, మా ఇంజను గంటకు 8 గ్యాలన్ల వరకు తాగుతుంది. అంటే గ్యాలనుకు మూడు మైళ్లు. అతనే కాగితం మీద లెక్క వేసుకుని, దారిలో మెరీనాలో (ఒడ్డున పడవలు ఆపుకునే, పెట్రోలు దొరికే చోట) పోయించుకుంటే హాయిగా వెళ్లవచ్చని తేల్చాడు. అలాగే వెళ్లాం.

పెట్రోలు ఇంజన్లకు ఒక మోటు లెక్క ఉంది. పూర్తి థ్రాటిల్ మీద హార్స్ పవర్‌ను పదితో భాగిస్తే గంటకు పట్టే గ్యాలన్లు ఇంచుమించుగా వస్తాయి. మా 200కు గంటకు 20 గ్యాలన్లన్నమాట. ఇంజను ఊరికే తిరుగుతుంటే గంటకు ఒకటి చాలు. పిల్లలను ట్యూబు మీద లాగే రోజు మాత్రం ఖర్చు బాగా పెరుగుతుంది. ఆగడం, మళ్లీ వేగం అందుకోవడం, మళ్లీ ఆగడం, దానికే ఎక్కువ తాగుతుంది. ఇవన్నీ కలగలిసి మా పుస్తకంలో సగటు ఇంజను గంటకు 5, 6 గ్యాలన్ల మధ్య ఉంటుంది. ఇంజను తిరిగిన గంటలు లెక్కించే మీటరు ఒకటి ఉంటుంది, అది పెట్రోలు ముల్లులా ఊగిసలాడదు. చివరిసారి నింపినప్పటి నుంచి ఎన్ని గంటలు తిరిగిందో చూసి, సగటుతో గుణిస్తే ఎంత ఖర్చయి ఉంటుందో వస్తుంది. పంపు దగ్గర ఎంత పట్టిందో చూస్తే ఆ లెక్క ఎంత నిజమో తెలుస్తుంది. అలా ప్రతిసారీ సరిచూసుకుంటూ పోతే పుస్తకం పదునెక్కుతుంది. ఒక సీజనులో సగటు ఉన్నట్టుండి 7 దాటింది. మీటరు ఏమీ చెప్పలేదు, పడవ నడకలోనూ మాకు తేడా తెలియలేదు. ట్రైలర్ ఎక్కించి చూస్తే ప్రొపెల్లర్ రెక్క అంచు ఒకటి వంగి ఉంది. లేనియర్‌లో నీరు తగ్గినప్పుడు పాత చెట్ల మోళ్లు పైకి దగ్గరగా వస్తాయి, ఏదో ఒకటి తగిలి ఉంటుంది. రెక్క సరిచేయించాక అంకె మళ్లీ దారికి వచ్చింది.

ఇప్పుడు డాక్ దగ్గర పని. పంపు దగ్గరకు వెళ్లేముందే ఈసారి ఎన్ని గ్యాలన్లు పట్టాలో రాసుకుంటాను. నేను ట్యాంకును 36కు మించి నింపను. పుస్తకం ప్రకారం 18 ఉన్నాయంటే 18 పట్టాలి. అందులో 15 వరకు ధైర్యంగా పోస్తాను, ఆ తర్వాతి మూడూ చెవితో, చేత్తో పోస్తాను.

ముందు అందరినీ పడవ దింపేస్తాను. పిల్లలు, పెద్దలు, నిద్రపోతున్నవాళ్లు, అందరూ డాక్ మీదకు రావలసిందే. ఇంజను ఆపి, బ్యాటరీ స్విచ్ కట్టేసి, తెరిచిన మూతలూ అరలూ మూసేస్తాను. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. పడవలోకి దిగిందంటే అడుగున చేరి అక్కడే ఉండిపోతుంది. మూత మీద పెట్రోలుకు సంబంధించిన అక్షరాలు చదివాకే తెరుస్తాను. ఇది చాదస్తం కాదు. చేపల పడవల్లో గాలపు కర్ర నిలబెట్టే రంధ్రం ఈ మూతకు పక్కనే, ఇంచుమించు ఇదే సైజులో ఉంటుంది. అందులో పెట్రోలు పోసినవాళ్లు ఉన్నారు. అలా పోసిందంతా నేరుగా పడవ అడుగుకు చేరుతుంది.

నాజిల్ లోహపు అంచుకు ఆనేలా పెట్టి, నూనె పీల్చే మెత్తని గుడ్డ ఒకటి చుట్టూ కప్పి, మీటను సగమే నొక్కుతాను. మొదట్లో గొట్టంలో బోలుగా, లోతుగా చప్పుడు వస్తుంది. రెండో చేయి గాలి రంధ్రం ముందు పెడితే చల్లటి గాలి అరచేతికి ఎడతెగకుండా తగులుతుంది. కొన్ని పడవల్లో ఆ గాలి సన్నగా ఈల వేస్తుంది కూడా. ట్యాంకు నిండుతున్నకొద్దీ గొట్టంలో చప్పుడు స్థాయి పెరుగుతూ పోతుంది, చివరికి గొంతు పూడినట్టు గుడగుడమంటుంది. అదే సమయంలో అరచేతికి తగిలే గాలి తెరలు తెరలుగా, ఆగి ఆగి వస్తుంది. ఈ రెండింటిలో ఏది ముందు మారినా నేను ఆపేస్తాను. చెవి, చేయి, పుస్తకం మూడూ ఒక్కచోటికి వచ్చాయంటే ఇక సందేహం లేదు. గాలి రంధ్రానికి రబ్బరు కప్పుతో అతికించే సీసాలు దొరుకుతాయి, పొరపాటున బయటకు వచ్చిన నాలుగు చుక్కలు అందులో పడతాయి. కొత్తవాళ్లు అది తప్పకుండా వాడాలి. నిండాక మూత బిగించి, అరలన్నీ తెరిచి, ఇంజను గది మూత ఎత్తి, ముందు వాసన చూస్తాను. తర్వాత నాలుగు నిమిషాలు బ్లోయర్, అంటే ఇంజను గదిలోని ఆవిరిని బయటకు తోసే ఫ్యాను, తిరగనిస్తాం. వాసన ఏ మాత్రం లేదని తేలాకే తాళం తిప్పుతాం. వెనుక వరుసలో మరో పడవ ఎదురుచూస్తున్నా సరే, ఆ నాలుగు నిమిషాలూ నాలుగు నిమిషాలే.

"చీటీలో 38 ఉంటే 38 ఎందుకు పోయకూడదు?" అని అడిగేవాళ్లు చాలామంది. పెట్రోలు వేడికి వ్యాకోచిస్తుంది. పది డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఇంచుమించు ఒక శాతం. భూమి లోపలి ట్యాంకు నుంచి చల్లగా వచ్చిన పెట్రోలు జులై ఎండలో నిలబడ్డ పడవలో ఇరవై డిగ్రీలు వేడెక్కితే, 38 గ్యాలన్లకు ముప్పావు గ్యాలను అదనంగా చోటు కావాలి. లీటర్లలో మూడుకు దగ్గర. ట్యాంకులో చోటు లేకపోతే అదంతా గాలి రంధ్రం గుండా నీళ్లలోకి పోతుంది. ఎవరూ పడవలో లేనప్పుడు, ఎవరూ చూడనప్పుడు పోతుంది.

నాకు ఇది చిన్న విషయంగా ఎప్పుడూ అనిపించలేదు. చట్టహూచీ నది మీద అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం 1950లలో బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టడంతో ఏర్పడిన సరస్సు ఇది. దాదాపు 38,000 ఎకరాల నీరు. అట్లాంటా మహానగర ప్రాంతానికి తాగునీటికి ఇదే ప్రధాన ఆధారం. కమ్మింగ్‌లో మా ఇంటి కుళాయిలో వచ్చేదీ ఈ నీరే. పిల్లలు ఈదేది ఇందులో, రేపు పొద్దున కాఫీకి మరగబెట్టేదీ ఇందులోంచే. ఒలికిన పెట్రోలు నీటి మీద రంగుల తెరలా పరుచుకుంటుంది. మన పడవ నుంచి ఒలికి నీటి మీద అలాంటి తెర ఏర్పడితే నేషనల్ రెస్పాన్స్ సెంటర్‌కు ఫోను చేసి చెప్పాలని ఇక్కడి ఫెడరల్ చట్టం. సబ్బు నీళ్లు చల్లి ఆ తెరను చెదరగొట్టడం నిషేధం. అలా చేస్తే నూనె పోదు, కంటికి కనిపించకుండా నీటిలో కిందికి దిగుతుంది. డాక్ మీద సబ్బు సీసా తీసేవాళ్లు కనిపిస్తే నేను వెళ్లి చెబుతాను, తెలిసినవాళ్లయినా, తెలియనివాళ్లయినా.

ముల్లు అసలు పని చేస్తోందా అని అనుమానం వస్తే ఒక పరీక్ష ఉంది. మీటరు వెనుక సెండర్ నుంచి వచ్చే గులాబీ రంగు తీగ ఉంటుంది. దాన్ని ఊడదీస్తే ముల్లు ఖాళీకి పడాలి, ఆ చోటును ఎర్త్‌కు కలిపితే నిండుకు లేవాలి. రెండూ జరిగితే మీటరు మంచిదే, తప్పు తీగలోనో సెండర్‌లోనో ఉంది. ఈ పరీక్ష మీటరు దగ్గరే చేయాలి. ట్యాంకు దగ్గర నిప్పురవ్వ పుట్టే పని ఏదీ చేయకూడదు.

రోడ్డు మీది బంకుల్లో పోయించుకునేవాళ్లకు ఒక మాట. మెరీనా కన్నా అక్కడ చవక అన్నది నిజమే, మేమూ ట్రైలర్ మీద వెళుతూ పోయించుకుంటాం. కానీ అన్‌లెడెడ్ 88 అనే పేరుతో ఇంకా చవకగా ఉండే పంపు జోలికి పోకండి. అందులో ఇథనాల్ 15 శాతం, పడవ ఇంజన్లలో దాన్ని వాడకూడదు. ఇంకొకటి, బంకు నేల వాలుగా ఉంటే ట్యాంకు కూడా వాలుతుంది. మూత వైపు పల్లమైతే ట్యాంకు నిండకుండానే నిండినట్టు చప్పుడు వస్తుంది. అక్కడ చెవి కన్నా పుస్తకాన్నే నమ్మండి. చిన్న షికారుకు అసలు నిండుగా పోయించనవసరం లేదు. గ్యాలను పెట్రోలు ఆరు పౌండ్ల పైమాటే, నిండు ట్యాంకు అంటే నూరు కిలోలకు మించిన బరువు. చలికాలానికి పడవను మూసి పెట్టేటప్పుడు మాత్రం పెట్రోలు పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలిపి, 36 దాకా నింపి ఉంచుతాం.

అద్దె పాంటూన్ తీసుకునే స్నేహితులు ఎక్కువ మంది అడిగారు కాబట్టి వాళ్లకోసం. పడవ తీసుకునేటప్పుడు ట్యాంకు సామర్థ్యం ఎన్ని గ్యాలన్లో అడగండి, ముల్లును ఫోటో తీసుకోండి, ఇంజను గంటల మీటరు మీది అంకె రాసుకోండి. పెట్రోలు ఎవరు నింపాలి, గ్యాలనుకు ఎంత వసూలు చేస్తారు అన్నది సంతకం పెట్టే ముందే తేల్చుకోండి. ఆ పడవ ట్యాంకు ఆకారం మీకు తెలియదు, దాని సెండర్ ఎక్కడుందో తెలియదు. కాబట్టి ముల్లు సగానికి వచ్చిందంటే తిరుగు ప్రయాణం మొదలుపెట్టండి. తిరిగి అప్పగించాక వాళ్లు నింపేటప్పుడు పక్కనే నిలబడి, పంపు మీది అంకె చూసి, రసీదు తీసుకోండి. ఎన్ని గంటలకు ఎన్ని గ్యాలన్లు పట్టాయో నాకు పంపితే, పాంటూన్ల సగటు కూడా పుస్తకంలో ఒక పేజీ మొదలుపెడతాను.